కొండ కింద 35 మేకలు – మాలాంటి చిన్నోళ్లకి ఏ సర్కారు స్కీమ్ నిజంగా పనికొస్తుంది?

మైలవరం_మేకలు:

అందరికీ నమస్కారం. నేను బెజవాడ ఆటోనగర్‌లో పని చేస్తాను. మా ఊరు మైలవరం దాటాక కొండపల్లి అడవి అంచున ఉంటుంది. నాన్న దగ్గర 35 మేకలు, పది గొర్రెలు, రెండు గేదెలు ఉన్నాయి. భూమి ఎకరంన్నర, అదీ తాతకి సర్కారు ఇచ్చిన డీ పట్టా (అసైన్డ్ భూమి), సగం కొండవాలే, కందులు తప్ప ఏదీ సరిగ్గా పండదు. నాన్నకి మోకాళ్లు పట్టేశాయి, మందని రోజూ కొండెక్కించడం ఆయన వల్ల కావట్లేదు, అలాగని అమ్మేద్దామంటే ఒప్పుకోడు. నేనే ఊరెళ్లిపోయి మందని కొంచెం పెంచి, షెడ్డు వేసి, దీన్నే పనిగా పెట్టుకుందామనుకుంటున్నాను.

యూట్యూబ్ తెరిస్తే చాలు, 50 లక్షల సబ్సిడీ, సగం మాఫీ అని ఒకటే ఊదరగొడుతున్నారు. ఇక్కడ ఒకాయన 40 వేలు ఇస్తే ఫైలు మొత్తం తనే చూసుకుంటానని, లోపల మనవాళ్లున్నారని అంటున్నాడు. మధిర దగ్గర మా పెదనాన్న కొడుక్కి అప్పట్లో తెలంగాణ స్కీములో 20+1 గొర్రెలొచ్చాయి (20 ఆడవి, ఒక పొట్టేలు), మనకి అలాంటిది ఉందా? కొండ ప్రాంతం వాళ్లకి వేరే సబ్సిడీ ఏమైనా ఉందా? ఇంకోటి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు టీవీలన్నీ సింగ్‌నగర్‌నే చూపించాయి గానీ ఆ నీళ్లన్నీ మా కొండల మీద నుంచి దిగినవే. ఆ రాత్రి దొడ్డిలోకి నీళ్లొచ్చి మేకపిల్లలు చాలా పోయాయి. ఇన్సూరెన్స్ లేదు, రూపాయి రాలేదు. ఈసారి అలా కాకుండా మొదటి నుంచీ పద్ధతిగా చేద్దామని అడుగుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు_పొట్టేలు:

తమ్ముడూ, ముందు ఆ 40 వేలు జేబులోంచి తీయకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మాది బొల్లాపల్లి వైపు, నల్లమల మొదలయ్యే చోటు. ఇలాంటి ఫైళ్లు చేసిపెట్టే ఆయన ఒకడు మా ఊళ్లోనూ తిరిగాడు. మా బావమరిదికి చేసిన ప్రాజెక్టు రిపోర్టు నేను చూశాను. బైండింగు బ్రహ్మాండంగా ఉంది, రంగు ఫోటోలున్నాయి, లోపల నాలుగో పేజీలో ఊరి పేరు మాది కాదు, ఏదో అనంతపురం వైపు ఊరు. బోరు లేని పొలంలో రెండెకరాల సూపర్ నేపియర్ గడ్డి వేసినట్టు లెక్క రాశాడు. బ్యాంకులో ఆ పేజీ చూసి నవ్వి పక్కన పెట్టేశారు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

యూట్యూబ్ వాళ్లు చెప్పే 50 లక్షలది కేంద్రం వాళ్ల నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్. అది అబద్ధం కాదు, కానీ అందులో గొర్రెలు, మేకలకి అన్నిటికంటే చిన్న యూనిట్టే 100 ఆడవి, 5 పోతులు. దానికి సబ్సిడీ ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు. 50 లక్షలు రావాలంటే 500+25 పెట్టాలి. నువ్వు 35 మేకల మనిషివి. నీకు ముందు కావాల్సింది నీళ్లు రాని షెడ్డు, చెవికి ట్యాగు, ఏడాదికి సరిపడా టీకాలు. ఈ మూడూ పెద్ద ఖర్చు లేకుండా అయ్యేవే, కానీ వీటి మీద వీడియో చేస్తే ఎవడూ చూడడు కదా.

20+1 సంగతి. తెలంగాణలో 2017లో 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చారు, ఆ గొర్రెల్లో చాలా మన వైపు నుంచే కొనుక్కుపోయారు, ఆ రెండేళ్లూ మా దగ్గర సూడి గొర్రె ధర ఎక్కడికి పోయిందో కాపరులకి గుర్తుండే ఉంటుంది. మన రాష్ట్రంలో 2020 చివర్లో జీవక్రాంతి పేరుతో 14+1 యూనిట్లు ఆడవాళ్లకి ఇచ్చారు. అది అయిపోయిన కథ. మళ్లీ అలాంటిది వస్తుందని కాసుకుని కూర్చోకు.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:

గుంటూరులో ఉంటాను. ఒక బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసి రిటైరయ్యాను. పై ఆయన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, బ్యాంకు వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ స్కీములన్నీ చివరికి బ్యాంకు బల్ల దగ్గరే ఆగిపోతాయి.

లైవ్‌స్టాక్ మిషన్ సబ్సిడీ ముందుగా చేతికొచ్చే డబ్బు కాదండి. ఉద్యమిమిత్ర పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, రాష్ట్రంలో దాన్ని చూసే ఏజెన్సీ పరిశీలించాలి, బ్యాంకు లోను ఒప్పుకోవాలి, కేంద్రం ఆమోదించాలి. సగం సబ్సిడీ లోను విడుదల మొదలయ్యాక వస్తుంది, రెండో సగం యూనిట్ మొత్తం పూర్తయి, తనిఖీ జరిగాక. ఈలోపు వడ్డీ మీరే కట్టుకోవాలి. పైగా భూమి కొన్న ఖర్చు, అద్దె, రోజువారీ ఖర్చులు అందులో లెక్కకి రావు. 20 లక్షల ప్రాజెక్టుకి 10 లక్షలు వస్తాయంటే మిగతా 10 లక్షలు లోనో, సొంతమో అని మనవాళ్లు మర్చిపోతారు. శిక్షణ సర్టిఫికెట్టో, మందని కాసిన అనుభవమో కూడా చూపించాలి. ఆ రెండోది మీ నాన్నగారికి కావలసినంత ఉంది.

ఇక డీ పట్టా. ఇక్కడే చాలామంది తికమకపడతారు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం, లీజు మామూలుగా కుదరవు (ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటికి 2023లో సడలింపు తెచ్చారు) గానీ, బ్యాంకుకో సహకార సంఘానికో తనఖా పెట్టడానికి మినహాయింపు ఉంది. అంటే చట్టం అడ్డు కాదు, మేనేజరుకి ధైర్యం చాలకపోవడమే అడ్డు. కానీ మీరు ఇంకొకరి డీ పట్టా పొలం లీజుకి తీసుకుని దాంట్లో యూనిట్ పెడతాననుకుంటే మాత్రం అక్కడ ఆగండి, ఆ లీజు కాగితం చాలావరకు చెల్లదు, ఏ బ్యాంకూ దాన్ని ముట్టుకోదు. కొండల కింద భూముల్లో సగం ఇవే కాబట్టి చెబుతున్నాను.

మీలాంటివాళ్లకి నేనైతే కిసాన్ క్రెడిట్ కార్డుతో మొదలుపెట్టమంటాను. 2019 నుంచి జీవాలకి కూడా ఇస్తున్నారు. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అంతకుముందు అది 1.6 లక్షలుండేది. భూమి లేకపోయినా పర్లేదు, షెడ్డు సొంతమైనా అద్దెదైనా ఉంటే చాలు. మేకకి ఇంత అని జిల్లా కమిటీ నిర్ణయించిన లెక్క ప్రకారమే ఇస్తారు కాబట్టి 35 మేకలకి 2 లక్షలు రాకపోవచ్చు. ఇది మేత, మందులు, కూలీ ఖర్చులకి ఇచ్చేది, కొత్త మేకలు కొనడానికి కాదు. కొనడానికైతే టర్మ్ లోను (కొన్నేళ్ల పాటు వాయిదాల్లో తీర్చేది) అడగాలి, లేదా అమ్మగారు డ్వాక్రాలో ఉంటే ఆ సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధిలో అడిగి చూడండి, ఆ దారే సులువు.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు పశువుల డాక్టరు దగ్గర జీవాల సంఖ్య రాసిన సర్టిఫికెట్ తీసుకెళ్లండి. అది లేకుండా వెళ్తే రేపు రమ్మంటారు.

మైలవరం_మేకలు:

సార్, చాలా థ్యాంక్స్. డీ పట్టా తనఖా పెట్టొచ్చని మాకెవరూ చెప్పలేదు. అమ్మ డ్వాక్రాలో ఉంది, రెండో లీడరు కూడా. ఒక డౌటు: కొండ ప్రాంతం అని వేరే ఏమీ లేదా? 90 శాతం కేంద్రమే ఇస్తుందని ఎక్కడో చదివాను.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:

ఆ 90:10 ఈశాన్య రాష్ట్రాలకి, హిమాలయ రాష్ట్రాలకి. అదీ కేంద్రం, రాష్ట్రం ఖర్చు ఎలా పంచుకోవాలనే లెక్క. మనది మామూలు రాష్ట్రాల కిందకి వస్తుంది, 60:40. మీ ఊరి వెనక కొండ ఎంత ఎత్తున్నా సరే. మీరు ఎస్టీ అయితే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా వేరే దారులుంటాయి, పాడేరు, రంపచోడవరం, సీతంపేట ఐటీడీఏలు, చెంచులకి శ్రీశైలం ఐటీడీఏ. ఎస్టీ కాకపోతే కొండ పేరు మీద మీకు ఏమీ రాదు.

ఆర్‌ఎస్‌కే_అసిస్టెంట్:

రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడిగా చేస్తున్నాను, జిల్లా చెప్పను. ఇందాకటి నుంచి లోన్ల గురించే నడుస్తోంది. అన్నయ్యా, పిల్లలు పోయాయన్నావు కదా, నువ్వు ముందు చూడాల్సింది బీమా.

2024లో కేంద్రం రూల్స్ మార్చింది. ఇప్పుడు ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం పెట్టుకుంటాయి. ఇంతకుముందు ఒక ఇంటికి 50 జీవాల వరకే ఉండేది, ఇప్పుడు 100 దాకా చేయించుకోవచ్చు. నీ 45 జీవాలూ వచ్చేస్తాయి. చెవికి 12 అంకెల ట్యాగు వేయించి, ఆ నంబరు ఆన్‌లైన్‌లో ఎక్కాలి. క్లెయిములు పోయేది ఎక్కువగా ఈ ట్యాగు దగ్గరే. కొండ మీద మేక ముళ్ల పొదల్లో దూరుతుంది, ట్యాగు ఊడిపోతుంది, కాపరి పట్టించుకోడు, మేక చచ్చిపోయాక చెవి ఖాళీగా ఉంటుంది. ట్యాగు పోయిందని తెలిసిన రోజే ఫోన్ చేసి కొత్తది వేయించుకుంటే ఏ గొడవా లేదు. మేక చనిపోతే ట్యాగు చెవికి ఉండగానే ఫోటో తీయాలి, వెంటనే మాకూ బీమా వాళ్లకీ చెప్పాలి, డాక్టరు పోస్ట్‌మార్టం చేసేదాకా పూడ్చకూడదు. వాసన వస్తోందని ఊరవతల పడేసొచ్చి తర్వాత ఫోన్ చేస్తారు. మేమేం చేస్తాం చెప్పు.

బీమా లేకపోయినా వరదలప్పుడు విపత్తు నిధి కింద పరిహారం ఉంటుంది. కేంద్రం లెక్క ప్రకారం గొర్రెకి, మేకకి 4,000, ఇంటికి 30 వరకు. రాష్ట్రం దానికి కలిపి ఇవ్వొచ్చు. కానీ దానికి కూడా అప్పుడే డాక్టరు చూసి లిస్టులో రాయాలి. నీళ్లు దిగాక రెవెన్యూ వాళ్లు రాసుకునే లిస్టులో మీ నాన్న పేరు లేకపోతే తర్వాత ఎవరూ కలపలేరు.

ఇక టీకాలు. పీపీఆర్, అంటే పారుడు రోగం, ఉచితం, నాలుగు నెలలు దాటిన పిల్లలకి ఒకసారి వేస్తే మూడేళ్లు చూసుకోనక్కర్లేదు. మీ కొండల కింద మందలకి నాకెక్కువ భయం చిటుక రోగం. తొలకరి పడి లేత గడ్డి మొలవగానే ఆబగా తింటాయి, సాయంత్రానికి బాగానే ఉన్న పొట్టేలు తెల్లారేసరికి గింజుకుని పోతుంది, అదీ మందలో బాగా బలిసినవే ముందు పోతాయి. అందుకే మే నెలలోనే టీకా వేయించాలి, మొదటిసారైతే రెండు వారాలకి రెండోది. వానలకి ముందొకసారి, తర్వాత ఒకసారి నట్టల మందు. రాత్రిపూట ఏదైనా అయితే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయమంటారు గానీ బండి పగలే తిరుగుతుంది, అందుకని మీ డాక్టరు గారి నంబరు కూడా దగ్గర పెట్టుకో.

పల్నాడు_పొట్టేలు:

1962 బండి మా తండాల దాకా రాదు అసిస్టెంటు గారూ. రోడ్డు ఉన్నచోటికే. మేకని బైకు మీద పెట్టుకుని తార్రోడ్డు దాకా మేమే తేవాలి. వచ్చాక మాత్రం వైద్యం బాగానే చేస్తారు, ఆ మాట కాదనను.

షెడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు. ఉపాధి హామీ కింద గోకులం పేరుతో పశువుల షెడ్లు 2024 అక్టోబరులో సర్కారు పల్లె పండుగ కార్యక్రమం అప్పుడు బాగా ఇచ్చారు. గేదెలకైతే రైతు వాటా 10 శాతం, గొర్రెలు, మేకలకైతే 30 శాతం. జాబ్ కార్డు ఉండాలి. ఇప్పుడు మంజూర్లు ఉన్నాయో లేవో మీ ఎంపీడీవో ఆఫీసులో అడుగు. ఒక మెలిక ఏంటంటే ముందు నువ్వు కట్టుకుంటూ పోవాలి, కొలతలు తీశాక బిల్లు పడుతుంది. మేస్త్రీకి, ఐరన్ షాపుకి నువ్వే సర్దాలి. మా ఊళ్లో బిల్లు రాక పునాది మీదే ఆపేసినవి ఉన్నాయి.

కట్టేటప్పుడు వాళ్లిచ్చే ప్లాను చదును నేలకి గీసింది, అది కొండవాలుకి పనికిరాదు. పైవైపు ముందు కాలవ తవ్వించు, షెడ్డుకి మూడు నాలుగు గజాల దూరంలో, నీళ్లు రెండు పక్కలకీ చీలిపోయేలా. ఆ తర్వాతే పునాది. పెద్ద మేకకి పది చదరపు అడుగుల చోటు లెక్కేసుకో, షెడ్డు పొడవు తూర్పు-పడమరగా పెట్టు. డబ్బులుంటే నేల నుంచి మూడడుగులు లేపి చెక్కల మంచె వేయించు, పెంటికలు సందుల్లోంచి కిందకి రాలిపోతాయి, గిట్టలు పొడిగా ఉంటాయి, వానాకాలం కుంటు సగానికి సగం తగ్గిపోతుంది. 2024లో మీ దొడ్డికి ఈ కాలవ ఒక్కటి ఉండుంటే పిల్లలు బతికేవని నా నమ్మకం.

గన్నవరం_శ్రీను:

కొంచెం వేరే మాట. నేను లైవ్‌స్టాక్ మిషన్‌లోనే 100+5 పెట్టాను, ఏజెంటు లేకుండా, గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఒక సారు రిపోర్టు చూసి దిద్దిపెట్టారు. సబ్సిడీ మొదటి సగం వచ్చింది, రెండోదానికి తిరుగుతున్నాను. కాబట్టి రాదు అని చెప్పడం తప్పు, వస్తుంది. కాకపోతే ఒకేసారి వందకి వంద బయటి సంతల్లో కొన్నాను, ఊరికో మేక వచ్చింది, వాటితో పాటే రోగాలూ వచ్చాయి. ఇంట్లో కట్టేసి మేపితే మేత ఖర్చు ఎంతవుతుందో రిపోర్టులో రాసిన అంకెకీ, బిల్లుకీ పొంతన ఉండదు. మీకు ఉన్న పెద్ద ఆస్తి కొండ మేతే, దాన్ని వదిలేసి నాలాగా షెడ్డులో కట్టేస్తే మీ లెక్క కూడా నా లెక్కే అవుతుంది.

నేనైతే మీ ఆడ మేకపిల్లల్ని అమ్మకుండా నిలబెట్టుకుని మందని 60, 70 దాకా పెంచి, అప్పుడు బ్యాంకుకి వెళ్తాను. రోజు మొత్తం కొండెక్కించకుండా పొద్దున ఒక పూట మేపి, సాయంత్రం ఇంటి దగ్గర కొంచెం దాణా, కొంచెం ఆకు వేస్తే మీ నాన్నగారి మోకాళ్లకీ సుఖం. పొలం గట్ల మీద అవిశ, సుబాబుల్ వేసుకోండి. సుబాబుల్ మన నందిగామ వైపు కాగితం మిల్లుల కోసం వేస్తారు కదా, కొట్టేటప్పుడు ఆ ఆకంతా వృథానే. కానీ మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకండి, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, సూడివాటికి అసలు మంచిది కాదు.

మైలవరం_మేకలు:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆ 40 వేల ఆయనకి ఇప్పుడే మెసేజ్ పెట్టేశా వద్దని, ఈ నెలాఖరు దాకానే ఆఫర్ అంటున్నాడు, సర్కారు సబ్సిడీకి ఆఫర్ ఏంటో. సోమవారం లీవు పెట్టి నాన్నతో రైతు సేవా కేంద్రానికి వెళ్తాను, ట్యాగులు, సర్టిఫికెట్ రెండూ అడుగుతాను. గేదెలకి వేరేగా షెడ్డు పెట్టమంటే 10 శాతంలో అయిపోతుంది కదా, మేకల్నీ అందులోనే కట్టుకుంటే?

ఆర్‌ఎస్‌కే_అసిస్టెంట్:

రెండు గేదెల షెడ్డులో 45 జీవాలు ఎక్కడ పడతాయి అన్నయ్యా. రెండింటికీ విడివిడిగా అర్జీ పెట్టు. పైగా గేదెలకి గాలికుంటు వచ్చిందంటే పక్కనున్న మేకలకీ అంటుకుంటుంది. ఇంకోటి, సోమవారం మాకు సచివాలయంలో మీటింగులుంటాయి, మంగళవారం పొద్దున్నే రండి, ఎనిమిదిన్నర లోపు, మందని కొండకి తోలకముందే ఎవరైనా వచ్చి లెక్క చూసుకోవడానికి వీలవుతుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, జాబ్ కార్డు జిరాక్సులు రెండేసి సెట్లు తెచ్చుకోండి.

పల్నాడు_పొట్టేలు:

అడవి గీత ఎక్కడుందో బీటాఫీసర్ని అడిగి చూపించుకుని మరీ పునాది తీయి. రిజర్వు ఫారెస్టులోకి రెండడుగులు వెళ్లినా తర్వాత షెడ్డు పీకిస్తారు.